అవ్వాతాతల దిగులుకు గడప దగ్గరే వైద్యం

వానలు ముఖం చాటేసిన ఏడు కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, పత్తికొండ పల్లెలు సగం ఖాళీ అవుతాయి. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లంతా గుంటూరు మిరప కోతలకో, బెంగళూరు కట్టడం పనులకో సుగ్గికి వలస పోతారు. ఇంటికీ, మేకలకూ, బడికెళ్లే మనవళ్లకూ అవ్వాతాతలే దిక్కు. రాయచోటి, రాజంపేట వైపు పిల్లలు కువైట్‌లో ఉంటారు. డబ్బుకు లోటుండదు గానీ, కట్టించిన మేడలో తల్లి ఒక్కతే ఉంటుంది. ఈ ఒంటరితనం జబ్బుగా ముదురుతున్నా పట్టించుకునే నాథుడు లేడు.

దిగులుగా ఉందని చెప్పుకోవడానికి ఏ అవ్వా ఆసుపత్రికి రాదు. గుండె దడదడలాడుతోందనీ, కాళ్లు గుంజుతున్నాయనీ, తిండి సయించడం లేదనీ, కోడి కూయకముందే మెలకువ వస్తోందనీ చెబుతుంది. బీపీ చూసి, బలానికి మాత్రలిచ్చి, ‘వయసు మీద పడింది కదమ్మా’ అని పంపేస్తారు. ఇది తప్పు. కుంగుబాటు ముసలితనంలో భాగం కాదు, నయం చేయదగిన జబ్బు. వదిలేస్తే తిండి, నిద్ర, షుగరు మందుల వరుస అన్నీ చెడతాయి. పురుగుమందు డబ్బా ఇంటి మూలనే ఉండే పల్లెల్లో ఆ నిర్లక్ష్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది. మానసిక వైద్యం ప్రతి పౌరుడి హక్కని 2017 చట్టం చెప్పింది. అంతకుముందు 2015–16 జాతీయ సర్వేలో, ఇలాంటి రుగ్మతలున్నవారిలో పదిమందికి ఏడుగురికి పైగా చికిత్సే అందడం లేదని తేలింది. 2022 నుంచి ఫోనులో మానసిక సాయం అందించే టెలీ మానస్ (14416) ఉంది. కానీ చెవులు సరిగా వినబడని తాత ఫోనులో ముక్కూమొహం తెలియని మనిషికి మనసు విప్పుతాడా? సరిహద్దు పల్లె నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోయి రావడానికే పగలంతా పడుతుంది.

అందుకే మన పెద్దలు ముందు దర్గాకు, గుడికి వెళతారు. తాయెత్తు కట్టించుకుంటారు, నిద్ర చేస్తారు. దాన్ని ఎగతాళి చేయడం మానాలి. అలాగని గొలుసులను సహించాలని కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి దువా (ప్రార్థన) పక్కనే దవా (మందు) కూడా ఇస్తున్నారు. కడప పెద్దదర్గాకు వచ్చే వారికి ఆ ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? జింబాబ్వే రాజధాని హరారేలో ఆసుపత్రి ఆవరణల్లో బల్లలు వేసి, శిక్షణ పొందిన అవ్వలే సాటి మనుషుల గోడు వింటున్నారు. దానివల్ల కుంగుబాటు తగ్గిందని 2016లో పరిశోధన రుజువు చేసింది. మన ఊరి అరుగు మీద అది సాధ్యం కాదనలేం.

ప్రతినెలా 1వ తేదీన గ్రామ సచివాలయ సిబ్బంది 4,000 రూపాయల పింఛనుతో ఈ అవ్వాతాతల గడప తొక్కుతున్నారు. తిండి తగ్గిందా, మాట తగ్గిందా అని వాళ్లు గమనించి ఆశా కార్యకర్తకు చెప్పాలి. ఆమె తీరిగ్గా కూర్చుని తెలుగులోనో, ఉర్దూలోనో, ఆదోని వైపైతే కన్నడంలోనో మాట్లాడాలి. ఈ పలకరింపును పింఛనుకు ముడిపెట్టకూడదు. పిచ్చి ముద్ర వేసి పింఛను తీసేస్తారన్న భయం పుడితే ఎవరూ నోరు విప్పరు. మానసిక వైద్యుడు నెలకొకసారైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలి, మందులు అక్కడే దొరకాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. ఆశాలకు శిక్షణ, ఆ పనికి తగిన అదనపు పారితోషికం కావాలి. ఈ ఏటి సుగ్గి బండ్లు కదలకముందే కలెక్టర్లు ఆ ఉత్తర్వులివ్వాలి.