ఓడకు రెండు కరెంట్లు, మన జీపుకు నూటయాభై రూపాయల చార్జరా?



పోస్టు పొడుగే. టీ పెట్టుకొని కూర్చోండి. ఇందులో నా తప్పు కూడా ఉంది, అది ముందే ఒప్పుకుంటున్నాను.

మాది ఆనందపురం పక్క పల్లె. గత వానాకాలంలో అల్లం కోసం పెదబయలు అవతల ఒక ఊరికి మా జీపు వేసుకెళ్ళాం, నేనూ మా మేనల్లుడూ. పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు కరోనా అప్పుడు కొన్న ట్యాబు అలమారలో పడుంటే దుమ్ము దులిపి డాష్‌బోర్డుకి బిగించాం. విశాఖలో ఒక దుకాణంలో నూటయాభైకి చార్జర్ కొన్నాం. లైటర్ సాకెట్లో పెడితే నీలం లైటు వెలిగింది. ఇంకేం, అంతా సిద్ధం అనుకున్నాం.

సరుకు ఎత్తేసరికి సాయంత్రం అయింది. వచ్చిన దారిలో గెడ్డ పొంగింది, చుట్టు దారిన వెళ్ళమన్నారు. బయల్దేరుతుంటే జ్వరంతో కాలిపోతున్న ఓ గుంటడిని, వాళ్ళమ్మని ఎక్కించారు. పాడేరు ఆసుపత్రిలో దించమన్నారు. ఆ తల్లికి కాలిదారులన్నీ తెలుసు గానీ జీపు పట్టే చుట్టు దారి తెలీదు. మాకంటే ట్యాబుంది కదా అన్న ధైర్యం మాది.

దారి రెండుగా చీలే చోట ట్యాబు ఆరిపోయింది. ఉదయం నుంచి చార్జర్లో పెట్టే ఉంది! పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఒకసారి వెలిగింది, మ్యాపు ఉండాల్సిన చోట తెల్లటి తెర. నెట్టు లేదు. ఆ తర్వాత అదీ ఆరిపోయింది. ఎడమకి తిప్పాం. తప్పు దారి. బురదలో బండిని వెనక్కి తిప్పుకొని మళ్ళీ ఆ చీలిక దగ్గరకు రావడానికి గంటన్నర పట్టింది. పిల్లాడు తర్వాత కోలుకున్నాడు, అది మన అదృష్టం. ఆ గంటన్నరలో వాళ్ళమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఊరికొచ్చి చెప్తే మా బావ అన్నాడు: "ఏటి బావా, కొండల్లో నెట్టు నేదు కదా, జీపీయస్సు ఎలా పన్జేస్తది? పిచ్చోడివి కాకపోతే!"

ఈ మాట మీరూ అని ఉంటారు. ఇది తప్పు అని చెప్పడానికే ఈ పోస్టు. మమ్మల్ని ముంచింది కొండ కాదు, ఉపగ్రహం కాదు. ముందుగా దించుకోని మ్యాపు, నాసిరకం కరెంటు. రెండూ మా చేతిలో ఉన్నవే.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ టైమునీ తమ చోటునీ రేడియోలా ప్రసారం చేస్తుంటాయి. మీ ట్యాబు వాటికి ఏమీ పంపదు, వింటుంది అంతే. ఆకాశం కనబడితే చాలు. నాలుగు ఉపగ్రహాలు అందితే తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. సిమ్ అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు. అమెరికా వాళ్ళు మామూలు జనానికి కావాలనే తగ్గించి ఇచ్చే కచ్చితత్వాన్ని 2000 మే నెలలో పూర్తిగా వదిలేశారు. మన ఇస్రో నావిక్ తొలి ఉపగ్రహాన్ని 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే పంపింది. 2023 మే 29న మన దేశంలో తయారైన అణు గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్ళింది. ఇంత ఖర్చు పెట్టి ఆకాశంలో వెలిగించిన దీపం కింద నిలబడి, నూటయాభై రూపాయల దగ్గర మనం చీకట్లో పడ్డాం.

నెట్టు ఉంటే జీపీఎస్ తొందరగా పట్టుకుంటుంది, అది నిజం. లేకపోతే మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అందుకే ఊరు దాటకముందే ఆరుబయట ఆన్ చేసి ఉంచాలి.

కొనేటప్పుడు మాత్రం ఒకటి చూడండి. అన్ని ట్యాబుల్లోనూ జీపీఎస్ ఉండదు. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో అసలు ఉండదు, సిమ్ పట్టే మోడల్‌లోనే ఉంటుంది. చవక ఆండ్రాయిడ్ ట్యాబుల్లో కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. డబ్బా మీద చదివి, దుకాణం బయట రోడ్డు మీద నిలబడి, నెట్టు ఆపేసి పరీక్షించి కొనండి. అమ్మేవాడు నవ్వితే నవ్వనీండి.

"ఫోనుండగా ట్యాబెందుకు?" అంటారు. ఎందుకంటే ఫోను 108కి చెయ్యడానికి మిగలాలి. దారి చూపిస్తూ ఫోను చచ్చిపోతే దారీ పోతుంది, పిలుపూ పోతుంది.

ఇక ఓడ సంగతి. మన విశాఖ ఓడరేవు 1933 నుంచి నడుస్తోంది. సముద్రం మీద ఓడకి జీపీఎస్ ఉంటుంది, రాడార్ ఉంటుంది, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉండనే ఉంది. అయినా మెయిన్ కరెంటు పోతే ముఖ్యమైన పరికరాలు నడవడానికి అత్యవసర కరెంటు వేరే ఉండి తీరాలని అంతర్జాతీయ నియమం. అంతేనా? లోపలి హార్బర్ ఇరుకు కాలువలోకి రావాలంటే పోర్టు పైలట్ ఓడ ఎక్కాల్సిందే. ప్రపంచమంతా తిరిగొచ్చిన కెప్టెన్ కూడా ఇక్కడి నీరు తెలిసిన మనిషి మాట వింటాడు. పరికరం ఒకటి, దానికి రెండో కరెంటు ఒకటి, స్థానికుడి మాట ఒకటి. మూడూ ఉంటేనే ఓడ లోపలికొస్తుంది. వాళ్ళు వేల టన్నుల సరుక్కి అంత జాగ్రత్త పడుతుంటే, మనం జీపులో మనుషుల్ని ఎక్కించుకొని "అయిపోద్దిలే" అంటున్నాం.

మా మేనల్లుడు జీపుని ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన మీటరు పెట్టి చూశాడు. చార్జర్ మీద 2.4 ఆంపియర్లు అని అచ్చేశారు, వచ్చేది ఒక ఆంపియర్ కూడా కాదు. స్క్రీన్ పూర్తి వెలుగులో, జీపీఎస్ నడుస్తుంటే ట్యాబు తినేది అంతకంటే ఎక్కువ. అంటే చార్జ్ అవుతున్న గుర్తు చూపిస్తూనే రోజంతా మెల్లగా దిగిపోయింది. తూము కంటే కన్నం పెద్దదైతే చెరువు ఎలా నిండుతుంది?

ఆయన చెప్పింది, తర్వాత నేను చేసి చూసింది కలిపి రాస్తున్నాను.

ఒకటి. ట్రాక్టరు, జీపు బ్యాటరీ 12 వోల్టులు. ఇంజిను నడుస్తుంటే 14 దాకా ఉంటుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు 9, 10కి పడిపోతుంది. నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే పదుల వోల్టులు ఒక్కసారి ఎగుస్తాయి. పాత బళ్ళలో టెర్మినల్ లూజు ఎంత మామూలో మీకు తెలుసు. పెద్ద టిప్పర్లు, ప్రొక్లెయిన్లు 24 వోల్టులు. 12కి మాత్రమే చేసిన చార్జర్ అక్కడ పెడితే పొగే. 12-24 రెండింటికీ పనికొచ్చే, 5 వోల్టుల దగ్గర కనీసం 3 ఆంపియర్లు నిజంగా ఇచ్చే, నీరూ దుమ్మూ దూరని కన్వర్టర్ కొనండి.

రెండు. ఫ్యూజు. బ్యాటరీకి దగ్గర్లోనే, 3 లేదా 5 ఆంపియర్లది. ట్యాబు 15 వాట్లు తీసుకున్నా బ్యాటరీ వైపు ఒకటిన్నర ఆంపియర్ దాటదు, ఆ ఫ్యూజు చాలు. "ఫ్యూజు ఎగిరిపోతోంది, వైరు చుట్టేశాం" అనేవాళ్ళకో దండం. ఆ చుట్టిన వైరు పక్కనే డీజిల్ పైపు వెళ్తుంది.

మూడు. తాళం తీస్తే కరెంటు ఆగేలా ఇగ్నిషన్ నుంచి ఇవ్వాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే కన్వర్టర్ ఊరికే ఉన్నా కొంచెం కొంచెం తాగుతుంది. 20 మిల్లీ ఆంపియర్లు అనుకోండి, రోజుకి అర ఆంపియర్ అవర్. దుక్కి అయిపోయాక ట్రాక్టర్ రెండు నెలలు షెడ్డులో ఉంటే 29 ఆంపియర్ అవర్లు పోయినట్టే. అప్పుడు బ్యాటరీ కంపెనీని తిడతాం.

నాలుగు. యూఎస్‌బీ కేబుల్ పొట్టిగా, లావుగా ఉండాలి. రెండు మీటర్ల సన్న కేబుల్లో 5 వోల్టుల్లో ఒక వోల్టు దారిలోనే పోతుంది. నీరు చివరి మడికి చేరనట్టే.

ఐదు. ఎండ. అద్దం కింద డాష్‌బోర్డు మీద పెడితే పెనం మీద పెట్టినట్టే. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చెయ్యకూడదు, చాలా ట్యాబులు తామే చార్జింగ్ ఆపేస్తాయి. ఏసీ లేని బండిలో నీడపట్టున, గాలి తగిలేలా బిగించండి. తీరం దగ్గర ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి, నెలకోసారి తుడవండి.

ఆరు. రెండో కరెంటు. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు ఒకటి నింపి సీటు కింద పెట్టండి. నాలుగైదు గంటలు ట్యాబుని బతికిస్తుంది. మన జీపుకి అదే ఓడలోని అత్యవసర కరెంటు.

నాకు పవర్‌బ్యాంకు కాక, కూలితో కలిపి పన్నెండు వందలైంది. టైరు పంక్చర్లకి ఏడాదికి అంతకంటే ఎక్కువే పెడతాం.

మ్యాపు సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఉంది, ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడొచ్చు. దాని మీద నడిచే ఓస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లలో మన ప్రాంతం మ్యాపుని ఇంట్లో వైఫై ఉండగానే దించుకోవచ్చు. ఆ తర్వాత కొండల్లో నెట్టు లేకపోయినా నీలం చుక్క దారి మీద కదులుతూనే ఉంటుంది. మా బావ ఇప్పుడు నోరెత్తట్లేదు.

కానీ ఆ మ్యాపులో ఏముంది? పోర్టు గేట్లున్నాయి, స్టీలుప్లాంటు గేట్లున్నాయి, బీచ్ రోడ్డులో ప్రతి హోటలుంది. మా ఊరి డొంక లేదు. ఏజెన్సీలో జీపు పట్టే మట్టి దారులు చాలా లేవు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల వివరాలను కేంద్రం 2022లో అందరికీ విడుదల చేసింది, మంచిదే. అయితే అందులో ఉండేది వేసిన రోడ్లు. వెయ్యని రోడ్డుకి వివరమేం ఉంటుంది? మనుషుల్ని డోలీ కట్టి మోస్తున్నది ఆ వెయ్యని రోడ్డు మీదే.

ఇక్కడ నా పోట్లాట అధికారులతో. బస్సులకు, టాక్సీలకు ట్రాకర్ తప్పనిసరి చేశారు. బాగుంది. అది బండి ఎక్కడుందో ఎక్కడో కూర్చున్నవాడికి చెప్తుంది. దారెటో డ్రైవర్‌కి చెప్పేదెవరు? 2020 డిసెంబర్‌లో భూముల రీసర్వే మొదలెట్టి డ్రోన్లు, రోవర్లు ఊరూరా తిప్పారు. సెంటీమీటర్లలో కొలిచే సరంజామా అది. పన్నులు, పాసుపుస్తకాల కోసం అంత కొలిచినవాళ్ళు, ఊరి దారుల మ్యాపుని డొంకలతో సహా ఉచితంగా, ట్యాబులో దించుకునేలా ఇవ్వడానికి ఏం అడ్డం? ప్రతి మండలానికి ఒక ఫైలు చాలు. ఏ నెలలో ఏ గెడ్డ పొంగుతుందో రాసిస్తే ఇంకా మంచిది. అడుగుదాం. గ్రామసభలో లేచి అడుగుదాం, అర్జీ పెడదాం.

ఇచ్చేదాకా ఊరుకోవాలా? అక్కర్లేదు. జీపు వెళ్ళే ప్రతిసారీ యాప్‌లో దారిని రికార్డు చెయ్యండి. ఊరి పెద్దవాళ్ళని అడిగి గెడ్డల పేర్లు, చీలికల గుర్తులు రాయండి. వాళ్ళే మన పోర్టు పైలట్లు. మా మేనల్లుడు ఆ చీలికను గుర్తు పెట్టి వచ్చాడు. అక్కడ కుడికి తిరగాలి.

ఒక హెచ్చరిక. ట్యాబు దారి చూపడానికే, గట్టు తగువు తీర్చడానికి కాదు. ఆరుబయట కూడా మామూలు ట్యాబు కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చదరంగా ఉన్న ఎకరం ఒక పక్క 63.6 మీటర్లు. నాలుగు గట్లూ రెండేసి మీటర్లు బయటికి జరిగితే లెక్కలో 13 సెంట్లు పెరుగుతుంది. ఉచిత యాప్‌లో కొలిచి పక్క రైతు మీదకు కర్ర తీసినవాళ్ళని చూశాను. హద్దుకి సర్వేయర్ రోవరే కావాలి.

కొత్త ట్రాక్టర్ కొంటే టేప్‌రికార్డర్ ముందు, ఫ్యూజు తర్వాత అనుకునే బుద్ధి మనలో ఉంది. నాలోనూ ఉండేది. దాన్ని అమ్మేవాడి మీద మాత్రమే నెట్టలేను. నీలం లైటు చూసి నమ్మింది నేనే కదా.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. బండిలో చార్జర్‌కి ట్యాబు తగిలించి, స్క్రీన్ పూర్తి వెలుగు పెట్టి, జీపీఎస్ నడుపుతూ రెండు గంటలు తిరగండి. బ్యాటరీ శాతం పెరిగిందా, తగ్గిందా చూడండి. తగ్గితే ఆ చార్జర్ తీసి పారేయండి. కొండెక్కాక తెలియడం కంటే ఇంటి దగ్గర తెలియడం నయం.

నేను రాసిన దాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటాను. మీ ఊరి డొంక మ్యాపులో ఉందో లేదో చూసి కింద రాయండి. లేనివన్నీ ఒక జాబితాగా రాసి అర్జీతో పాటు పెడదాం.