ఊరు చూడని చదువేటి?

పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల నుంచి ఎంఎస్‌కి వెళ్ళే సీనియర్లు మనకి కొత్తేం కాదు. వాళ్ళతో ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడి చూడండి. రూము, కాలేజీ, పార్ట్‌టైమ్, మళ్ళీ రూము. రూములో మనవాళ్ళే, కూర మనదే, సినిమా మనదే. ఏడాది లండన్‌లో ఉన్నవాళ్ళని ఊరెలా ఉందని అడిగితే ఈస్ట్ హామ్‌లో దోసె ఎక్కడ బాగుంటుందో చెబుతారు. దోసె తినడం తప్పని అనను. కానీ అంత అప్పు చేసి వెళ్ళి, ఆ ఊరు చూడకుండా రావడం మాత్రం నష్టమే.

"ఏటిరా, చదువుకోడానికి ఎళ్ళావా, తిరగడానికి ఎళ్ళావా?" అని ఇంట్లో అడుగుతారు. వాళ్ళ భయంలో న్యాయం ఉంది. ఆ ఫీజు వెనక చాలా ఇళ్ళలో కొబ్బరితోటో జీడితోటో ఉంటుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఏళ్ళ తరబడి పెంచిన చెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. కొత్త మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది, అప్పు మాత్రం ఆగదు. అందుకే పెద్దవాళ్ళకి తిరుగుడంటే దుబారాగా కనిపిస్తుంది.

కానీ ఊరు తెలియడం సరదా ఒక్కటే కాదు, అదొక రక్షణ. మన తీరం నుంచి ఒకప్పుడు రంగూన్ వెళ్ళినవాళ్ళని తలుచుకోండి. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930లో రేవు పని దగ్గరే తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య గొడవ మొదలై ఊరంతా అల్లర్లయ్యాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక ఎంతోమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన వెనక్కొచ్చారు. అలాంటి రోజున ఏ దారి ఎటు పోతుందో, ఎవరి తలుపు తట్టొచ్చో తెలిసి ఉండాలి. మనకి అంత కష్టం రాకపోవచ్చు. అయినా రేపు పార్ట్‌టైమ్ పోతే, ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమంటే, రూములో ఉన్న నలుగురు తప్ప ఇంకెవరూ తెలియకపోతే ఏం చేస్తాం?

"డబ్బులెక్కడివి?" అంటారా? లండన్‌నే తీసుకోండి. బ్రిటిష్ మ్యూజియంలోకి టికెట్ లేదు. కృష్ణ ఒడ్డు నుంచి తీసుకెళ్ళిన అమరావతి శిల్పాలు అక్కడే ఉన్నాయి. వాటిని చూసొచ్చినవాడికి మన వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం విలువ కూడా తెలిసొస్తుంది. తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ 1884లో లండన్‌లోనే పోయారు. ఆయన సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. ఇక బస్సులంటారా, గంటలోపు ఎన్ని మారి ఎక్కినా ఒకటే ఛార్జీ.

"టైమెక్కడిది?" అన్నది నిజమైన ప్రశ్నే. క్లాసులు, వారానికి ఇరవై గంటల పని, వంట, బట్టలు. ఏ ఊరునీ మొత్తం చూడమనను. వారానికి ఒక్క పూట చాలు. రూములో చెప్పి, తెలియని బస్సొకటి పగటిపూట ఎక్కండి. తెలుగు రాని మనిషితో పది మాటలు మాట్లాడండి. ఇంగ్లిషు కోచింగ్‌కి కట్టిన డబ్బుకి కూడా అప్పుడే న్యాయం జరుగుతుంది.

ఈ ఏడాది వెళ్తున్న మిత్రులకి ఒక్క మాట. ఫలానా టవర్ ముందు దిగిన ఫొటో స్టేటస్‌లో ఎలాగూ పెడతారు. దాంతోపాటు ఆ ఊళ్ళో మీరు నడిచిన ఒక వీధి గురించి మన పత్రికకి ఒక పేజీ రాసి పంపండి. మీ తర్వాత వెళ్ళే జూనియర్‌కి అది దారి చూపిస్తుంది.