మేళము వెంట నడచు త్రోవ

నాట్యమును జూచి మెచ్చుకొనువారు పెక్కండ్రు. ఆ నాట్యమును మన వాకిటికి దెచ్చిన త్రోవను దలంచువారు అరుదు. ఈ మాసము మన సోదరీమణులతో ఆ త్రోవను గూర్చియే ముచ్చటింప నెంచితిమి.

మేమీ మాటలు వ్రాయుచున్నది దివిసీమ కొననున్న పాలకాయతిప్పనుండి. కృష్ణవేణి సముద్రమున గలియు తావిది. చేరువనే హంసలదీవి వేణుగోపాలస్వామి కోవెల కలదు. దివిసీమకు ఉత్తరమున, మొవ్వకు దాపున నున్నది కూచిపూడి. ఊరూర దిరిగి ఆడుటయే వృత్తిగా గొన్న భాగవతుల గ్రామమది.

మాచుపల్లి కైఫీయతులో వీరిని గూర్చి యొక కథ కలదు. అది 1502 నాటిదని పండితుల మాట. సమ్మెట గురవరాజను పాలకుడు ధనమునకై స్త్రీలను హింసించుచుండగా మేళమువారు కన్నులార గాంచి, విజయనగరమునకు బోయి, ఆ ఘోరమును రాజునెదుట వేషములు గట్టి యాడి చూపిరట. రాజు సైన్యమును బంపి గురవరాజును శిక్షించెనట. ఊరూర దిరుగువారికి ఊరూరి కన్నీరు తెలియును. ఆడువారి మొర యట్లు రాజు చెవిని బడినది. కాని దానిని వినిపించిన మేళములో ఆడుది లేదు; స్త్రీవేషము సైతము పురుషుడే ధరించెను.

ఆ సంచారము సుఖమైనది కాదు. వంతెనలు లేని కాలమున ఏళ్లను పడవలపై దాటవలెను. పెట్టెలలో నగలు, జడలు, కిరీటములు, చంకన మద్దెల. పొనికికర్రతో జేసిన భుజకీర్తులు తడియరాదు. ప్రొద్దుగ్రుంకినంతనే ముఖమునకు అర్దళము పూసికొని, కాగడాల వెలుగున తెల్లవార్లు ఆడవలెను. రౌద్రపాత్ర ప్రవేశించునప్పుడు కాగడాపై గుగ్గిలము చల్లగా మంట భగ్గుమనును. తెరపైనుండి సత్యభామ జడ వ్రేలాడగానే జనము కన్నార్పకుండ జూచును. తెల్లవారిన పిదప మరల మూటలు గట్టి పొరుగూరికి ప్రయాణము.

మగవారట్లు తిరుగుచుండ, ఇంటి పొయ్యి నార్పకుండ నిలిపిన దెవరు? పసిబిడ్డల జ్వరములకు, అత్తమామల సేవకు, అప్పులవారికి జవాబు చెప్పిన దెవరు? మేళముల చరిత్రలో వారి పేర్లు కానరావు. సిద్ధేంద్రయోగి ఆజ్ఞచొప్పున ఆ కుటుంబములలోని ప్రతి బాలుడును ఒక్కమారైన సత్యభామ వేషము గట్టవలెనని సంప్రదాయము. బాలికలకట్టి యాజ్ఞ లేదు.

ఐరోపాలో త్రోవ వేరు. ఇటలీ దేశపు నాటక సమాజములు పదునారవ శతాబ్దముననే స్త్రీలను వెంటగొని దేశములు తిరిగెను. 1562లో పాదువాలో జన్మించిన ఇజబెల్లా ఆంద్రెయీని యట్టిది. నటియేగాక కవయిత్రి, ఏడుగురు బిడ్డల తల్లి. ఆమె 1604లో ఫ్రాన్సునుండి మరలి వచ్చుచు, గర్భవతియై, లియాన్ పట్టణమున మరణించెను. భర్త ఫ్రాంచెస్కో ఆ సమాజమునే విడిచెను. ఇంటనున్నను, త్రోవనున్నను, భారము స్త్రీ నొదలలేదు.

మనవైపునను కాలము మారినది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకును ఈ విద్య గఱపిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పిరి. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా, పద్మావతిగా పేరొంది, దేశవిదేశముల నాడిరి. 2001లో పద్మశ్రీ నందుకొని, 2020లో పరమపదించిరి. నేడు కాలిగజ్జెలు గట్టిన మన యాడుబిడ్డలు విమానము లెక్కుచున్నారు.

కావున తల్లులారా, మీ యమ్మాయి బృందముతో దూరదేశమునకు బోవుదు నన్నప్పుడు వలదని యొక్కమాటలో త్రోసివేయకుడు. ముఖస్తుతికి లొంగి గుడ్డిగా బంపనువలదు. తోడెవరు, బస యెక్కడ, ప్రతిఫలము వ్రాతమూలముగా నున్నదా, జబ్బుచేసిన జూచువా రెవరు, తిరుగుటిక్కెట్టు ఎవరి చేతనుండును—ఈ యైదును అడిగి తెలిసికొనుడు. పెండ్లియైన బిడ్డ యైనచో, ఆమె లేని దినములలో ఇంటిపని యెవరు చేయుదురో అల్లుని గూర్చుండబెట్టి అడుగుడు. మగవాడు మేళముతో వెడలిన నాడు మన ముత్తవ్వలు ఇల్లు నిలిపిరి. ఆడుది వెడలిన నాడు మగవాడును నిలుపవలెను. ఆ బాకీ చాలకాలముగా నున్నది.