ఉన్న గంటకు ఏ ఆట?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో నేడు యువకుల చేతిలో ఆటలకు కొదువ లేదు. కొదువ యున్నది కాలమునకే. తెల్లవారకమునుపే రహదారిమీద బస్సు పట్టుకొని కళాశాలకు పోయి చీకటిపడిన పిదప ఇల్లు చేరు విద్యార్థికిని, కోతల కాలమున ధాన్యపు లారీలు బారులు తీరినప్పుడు రాత్రి పొద్దుపోవువరకు కాటా లెక్కలు చూచు మిల్లు గుమాస్తాకును, దుకాణము కట్టివేసి పిల్లలను నిద్రపుచ్చిన తరువాత గాని తనదనదగిన ఘడియ నెరుగని వర్తకునకును దినమున మిగులునది ఒక్క గంట. పెక్కు దినములలో అదియును మిగులదు.

మిర్యాలగూడలో ఒక బియ్యపు మిల్లున లెక్కలు వ్రాయు యువకుడు మొన్న నన్ను సూటిగా అడిగెను: “సార్, దినాం గంట సేపే దొరుకుతది. ఫోన్ల ఐదు గేములున్నయి. అన్నీ ఆడుతున్న గని ఒక్కటీ మంచిగ రాలే. ఏది పట్టుకోవాలె?” అతడు చెప్పిన అయిదును ఎత్తుగడల ఆటలే, అనగా వేళ్ల వేగముకంటె యోచనకు ప్రాధాన్యమిచ్చునవి. ఈ ప్రశ్నను చిన్నదని త్రోసివేయు పెద్దలు గలరు. నేను అట్లు తలపను. పగలెల్ల యజమాని చెప్పిన పని, గురువు చెప్పిన పాఠము, ఇంటివారి అవసరము నడిపించిన దారిని నడచిన మనుష్యుడు తన యిచ్ఛానుసారము వెచ్చించు కాలము ఆ గంట యొక్కటే. దానిని దేనికి ఒప్పగించుచున్నాడో యోచించుట వివేకవంతుని లక్షణము.

నా మతమున సమాధానము రెండు మాటలలో నున్నది: ఒక్క ఆటనే పట్టుకొనవలెను; ఆ యొక్కటియు మన కాలమునకు లోబడునదిగా నుండవలెను. నాగార్జునసాగరు జలాశయము నిండిన యేట ఏ పంట వేయవలెనను చింత రైతునకు అంతగా నుండదు. ఎడమ కాలువకు నీరు వంతులవారీగా విడుతురని తెలిసిన యేటనే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల ఆయకట్టు రైతు వరి వేయుటయా, ఆరుతడి పంటతో సరిపెట్టుకొనుటయా యని మథనపడును. చాలని నీటిని అన్ని మళ్లకును పారించినవాడు ఏ మడియందును గింజను చూడడు. ఒక గంటను అయిదు ఆటలకు పంచినవాని గతియు అంతియే. అయిదింటి నియమములును తెలిసియుండును, అయిదింటి లోతును తెలియకుండును.

ఎత్తుగడల ఆట మన జాతికి క్రొత్తది కాదు. 3 పులులు, 15 మేకలు, గీతలు కలియు 23 కూడళ్లు, ఇంతటితోనే మన పూర్వులు పులిజూదమను ఒక సంపూర్ణ రణరంగమును కల్పించిరి. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును. మేకకు చంపు శక్తి లేదు. అయినను మేకలు ఒకదాని వెనుక ఒకటి కాపుగా నిలిచి, తొందరపడక, చోటు విడువక కూర్చినచో పులులు కదలలేక కట్టుబడును. బలహీనుడు కూర్పుచేత బలవంతుని గెలుచుట యెట్లో నేర్పు ఆ ఆటలో మరియొక గుణము గలదు. దానిని మన మంతగా గమనింపలేదు. రచ్చబండమీద మొదలైన ఆట రచ్చబండమీదనే ముగిసెడిది. ఆడువాడు పొలమునకు పోయిన వేళ అతని మేకలను ఎవ్వరును ఎత్తుకొనిపోయెడివారు కారు.

నేటి ఫోను ఆటలలో పెక్కింటికి ఈ గుణము లోపించినది. 2012లో ఫిన్లాండు దేశపు సూపర్‌సెల్ సంస్థ వెలువరించిన క్లాష్ ఆఫ్ క్లాన్స్‌ను చూడుడు. అందు ఒక దాడికి 3 నిమిషములే పట్టును గనుక తీరిక లేనివానికి ఇదియే తగినదని తోచును. కాని ఆ 3 నిమిషముల వెనుక ఆటకు వేరొక గడియారము కలదు. గోడ వెనుకనున్న ఫిరంగిని ఒక మెట్టు పెంచుటకు గంటలు, టౌన్ హాలును పెంచుటకు దినములు పట్టును. పనివాడు ఖాళీ యైన క్షణమున నోటిఫికేషన్ వచ్చును. మనము ఆటలో లేని వేళ అన్యులు మన గ్రామముపై బడి బంగారమును దోచుకొందురు. క్లాన్ వార్, అనగా ఆటగాండ్ర దండుల నడుమ యుద్ధము, మొదలైనచో ఒక దినము సన్నాహము, మరుసటి దినము యుద్ధము, ఆ దినమున తన వంతు దాడులు చేయనివాడు తోడివారికి జవాబు చెప్పవలెను. ఈ నిరీక్షణను ఓర్వలేనివారికి జెమ్స్ అను రత్నములు అమ్మబడును. వానిని వెచ్చించినచో దినముల పని క్షణములో ముగియును. అనగా ఆట మొదట నిరీక్షణను కల్పించి, పిదప ఆ నిరీక్షణనుండి విముక్తిని విక్రయించుచున్నది. ఇందు నేర్పు లేదని నేననను. కోటను పరిశీలించి, ఏ దిక్కున ఏ సేనను దింపిన అది కూలునో ఊహించుటకు తగినంత బుద్ధి కావలెను. కాని ఆ బుద్ధికి మూల్యముగా ఆట మన గంటను మాత్రమే కోరక, మన దినమునంతటిని తునకలుగా కోరును. తరగతిలో, కాటాయొద్ద, భోజనమునందు మనస్సు ఫోనువైపు లాగబడుచున్నవాడు ఆడుచున్నది మూడు నిమిషములే యనుట లెక్కకు నిలువదు.

కావున కాలము తక్కువైనవాడు ఆటను ఎన్నుకొనుటకు మూడు పరీక్షలను పెట్టవలెనని నా యభిప్రాయము. ఒకటి, ఆటకు ముగింపు ఉండవలెను. గెలుపో ఓటమియో తేలి, లేచి పోవుటకు వీలు కలుగవలెను. రెండు, మనము లేనప్పుడు ఆట ఆగియుండవలెను. మన గైరుహాజరునకు శిక్ష యుండరాదు. మూడు, ఈ యేడు నేర్చిన నేర్పు పై యేటికిని పనికిరావలెను. నెలకొకసారి నియమములు మారి, క్రొత్త ఆయుధమును కొన్నవాడు నేర్చినవానిని ఓడించు ఆటలో శ్రమకు ఫలము నిలువదు.

ఈ పరీక్షలకు నిలుచు ఆటలు లేకపోలేదు. 1999లో వెలువడిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగము ఇంజనీరింగు హాస్టళ్ల ల్యాన్‌లపై ఒక తరమును రాత్రులు మేల్కొలిపినది. 2019లో నూతన రూపమును దాల్చి, 2022లో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులను చేర్చుకొని నేటికిని సజీవముగా నున్నది. ఆ ఆటలో తొలి పది నిమిషములను దగ్గరగా పరికింపుడు. సాధారణముగా చేతనుండునది ఒక టౌన్ సెంటరు, ముగ్గురు పనివారు, చుట్టుప్రక్కలను వెదకుటకు ఒక గుఱ్ఱపు వేగువాడు. క్రొత్త పనివానికి 50 పాళ్ల ఆహారము, అయిదుగురికి నెలవైన యింటికి 25 పాళ్ల కట్టె కావలెను. ముందుగా గొఱ్ఱెలమీద కొందరిని, చెట్లమీద కొందరిని పెట్టి, ఆ పిదప అడవిపందిని టౌన్ సెంటరు దాపునకు రప్పించి కొట్టించుచు, 500 పాళ్ల ఆహారము కూడగానే రెండవ యుగమునకు పోవలెను. ఇల్లు కట్టుట మరచినచో పనివాడు పుట్టడు. పనివాడు పుట్టనిచో కట్టె తరుగును. కట్టె తరిగినచో సేన ఆలస్యమగును. మూడవ నిమిషమున చేసిన ఆ చిన్న మరపు ఇరువదవ నిమిషమున శత్రువుల గుఱ్ఱములు వాకిట నిలిచినప్పుడు గాని బయటపడదు. కారణమునకును కార్యమునకును నడుమ ఇంత దూరమున్నను, ఆట ముగిసిన పిదప దాని రికార్డింగును మరల చూచి ఆ దారమును మొదటిదాక పట్టుకొనిపోవచ్చును. గంట లోపల తేలిపోవు పోటీలే యెక్కువ. లోపము ఒక్కటి: ఎదుటివారితో ఆడునప్పుడు నడుమ లేచిపోవుట కుదరదు. ఇంట కంప్యూటరు, వారమునకు రెండు మూడు దినములైనను చీలిక లేని గంట గలవారికి నేను దీనిని సంతోషముగా సూచింతును.

అట్టి అఖండమైన గంట లేక, పావుగంటలు ముక్కలు ముక్కలుగా దొరకువారికి సివిలైజేషన్ తగును. 1991లో సిడ్ మెయర్ రూపొందించిన ఈ ఆటలో టర్ను, అనగా ఎత్తు వేయు వంతు, మనది. మనము కదలనిదే లోకము కదలదు. ఎన్ని దినములైనను దాచిన చోటనే ఆగియుండును. 2016లో వచ్చిన ఆరవ భాగమున సాధారణ వేగముతో ఆడినచో పూర్తి ఆటకు 500 టర్నులు. అనగా ఒక్క ఆట పెక్కు సాయంకాలములకు వచ్చును. 2019 నాటి విస్తరణముతో నదీతీరపు వరదనేలపై ఆనకట్ట కట్టు వీలు అందులో కలిగినది. కట్టుచున్నంతకాలము ఆ నగరము వేరొకటి నిర్మింపజాలదు. సరిహద్దున శత్రువున్నప్పుడు ఆనకట్టయా, సేనయా యను ధర్మసంకటము తప్పదు. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరమును ఎరిగిన మన ప్రాంతపువారికి, దీర్ఘకాలపు పనికొరకు తక్షణపు లాభమును విడుచుట యనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. అయితే ఇందొక ప్రమాదము గలదు: ఇంకొక్క టర్ను, ఇంకొక్క టర్ను అనుచు అర్ధరాత్రి దాటుట ఈ ఆటగాండ్రందరికిని అనుభవమే. ఆట మనకొరకు ఆగును గాని మనలను ఆపదు. ఆపుకొను నియమము మనకే యుండవలెను.

ఫోను తప్ప వేరొక సాధనము లేనివారికి, ఆ మిల్లు గుమాస్తా వంటివారికి, నా మొదటి సూచన చదరంగమే. నేడది తెరమీదను అంతే సహజముగా నడచుచున్నది. లీచెస్ వంటి యాప్‌లో పైకము గాని ప్రకటనలు గాని లేకుండ, పది పది నిమిషముల పోటీని ఏ క్షణముననైనను ఆడవచ్చును. మూడు పరీక్షలలోను అది నెగ్గును. ఒకే ఆటను నమ్ముకొనుట యెంత ఫలించునో చూపుటకు దూరదేశపు దృష్టాంతములు అక్కరలేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. మాతృత్వము కారణముగా ఇంచుమించు రెండేండ్లు పోటీలకు దూరమై, మరల వచ్చి, 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ ర్యాపిడ్ కిరీటమును గెలుచుకొనెను. హన్మకొండకు చెందిన ఎరిగైసి అర్జున్ 2018లో పదునాలుగేండ్లకు గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. మనమందరము గ్రాండ్‌మాస్టర్లము కానక్కరలేదు. కాని విరామము తరువాత తిరిగివచ్చినను చదరంగపు విద్య మనకొరకు నిలిచియుండునని హంపి జీవితము రుజువు చేయుచున్నది. కోతల నాలుగు వారములు ఫోను ముట్టనివానికి ఇంతకంటె ధైర్యమిచ్చు మాట ఏమి కావలెను?

పైకము ఒడ్డి ఆడు రమ్మీ మొదలగువాని ప్రసక్తిని నేను ఈ యెన్నికలోనికి తేను. తెలంగాణ 2017లోనే చట్టసవరణ ద్వారా ఆన్‌లైన్ పందెములను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము పైకపు ఆటలను దేశమంతట నిషేధించి, ఇ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చినది. ఆ విభజన న్యాయమైనది. బుద్ధిని పందెముగా ఒడ్డు ఆట వేరు, ఇంటి ఖర్చును ఒడ్డు ఆట వేరు.

నా వాదమునకు బలమైన ఆక్షేపణ ఒకటి గలదు. హాస్టలులో కలిసి చదివిన మిత్రులలో ఒకడు దుబాయిలో, ఒకడు డాలసులో, ఒకడు కోదాడలోనే ఉండి, వారిని నేటికిని కలిపియుంచునది ఆ క్లాన్ ఒక్కటే యైనచో, పరీక్షలపేర దానిని తీసివేయుమనుట కఠినము కాదా? కాదనలేను. స్నేహము ఆటకంటె గొప్పది. అట్టివాడు క్లాష్ ఆఫ్ క్లాన్స్‌నే ఎన్నుకొనుగాక; కాని ఎందులకు ఎన్నుకొన్నాడో ఎరిగి ఎన్నుకొనవలెను. మిత్రులకొరకు ఆడువాడు యుద్ధదినమున తన దాడులు చేసి, నోటిఫికేషన్లను కట్టివేసి, జెమ్స్‌పై రూపాయి వెచ్చింపక, తక్కిన ఆటలను మానివేసినచో అతనికిని గంట మిగులును, స్నేహమును మిగులును.

ఎన్నుకొన్న పిదప ఆ గంటను వాడుకొను విధమును ముఖ్యమే. వరుసగా ఆరు ఆటలాడి ఆరింటను ఒకే తప్పు చేయుటకంటె, ఒక ఆట ఆడి, ఓడినచో ఎక్కడ చెడినదో కనుగొనుటకు మిగిలిన కాలము నుపయోగించుట మేలు. రుచి చూచుటకు రెండు వారములు చాలును. తరువాత ఒక సంవత్సరము మాట మార్చరాదు. అంత దీర్ఘమైన గడువెందుకనగా, ఏ ఆటయందైనను తొలి నెలలలో నేర్చునది నియమములనే. అటుపై గాని ఎదుటివాని ఆలోచనను చదువుట అలవడదు, ఎత్తుగడల ఆటకు ప్రాణము అదియే.

తల్లిదండ్రులకును కళాశాలలకును ఒక మనవి. ఫోను చేత కనబడగనే “ఆట మానరా” యనుట సులభము, “ఏ ఆట ఆడుచున్నావు, అది నిన్ను ఎప్పుడు విడుచును?” అని అడుగుట కొంత శ్రద్ధతో కూడినది, కాని అదియే పనిచేయు ప్రశ్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల కళాశాలలు సంవత్సరమునకు ఒక్క ఆదివారము చదరంగమునకును ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌కును పోటీలు పెట్టి, గెలిచినవారిచేత తమ ఎత్తుగడను పదిమంది ఎదుట వివరింపజేసినచో, తలుపు వేసుకొని రహస్యముగా ఆడు అలవాటు వెలుగులోనికి వచ్చి విద్యగా మారును. శాఖా గ్రంథాలయములలో నాలుగు చదరంగపు బల్లలు వేయుటకు పెద్ద వ్యయమును కాదు.

ఎన్నుకొనుట యనగా ఒకదానిని ఇష్టపడుట మాత్రమే కాదు, ఇష్టమైన తక్కినవానిని విడుచుట కూడ. అందువలననే అది కష్టము. కాని విడుచుటలోని ఈ కష్టమే రేపు ఉద్యోగమునందు, వ్యవసాయమునందు, సంసారమునందు ఎదురగు ప్రతి యెన్నికకును మూలము. ఉన్న గంటకు ఒక ఆటను నిలిపి, మిగిలిన నాలుగింటిని ఫోనునుండి తొలగించిన యువకుడు ఆటలో తొలి గెలుపునకు ముందే ఎత్తుగడలోని మొదటి పాఠమును నేర్చినవాడగును.