గోడలోని తీగకు జవాబుదారి యెవరు?

మన పట్టణములలో క్రొత్త ప్రజాభవనములు విరివిగా లేచుచున్నవి. కలెక్టరు కచ్చేరీలు, పురపాలక కార్యాలయములు, ఆసుపత్రులు, సభామందిరములు ప్రజల పన్నులతో నిర్మింపబడుచున్నవి. ఇది మాకు సంతోషకరమే. పరపాలనలో కచ్చేరీ యనగా ప్రజ భయముతో మెట్లెక్కు స్థలము. స్వపరిపాలనలో అది ప్రజల సొంత యిల్లు. కాని సొంత యిల్లు కట్టించుకొనువాడు గోడ రంగు చూచి తృప్తిపడడు. గోడలో నేమి పెట్టినారని యడుగును. ప్రజాభవనముల విషయమున మన మా ప్రశ్న నడుగుట మానితిమి.

ప్రారంభోత్సవమునాడు భవనము దీపమాలికలతో మెరయును. ఆ దీపములకు కరెంటు తెచ్చు తీగ యెంత మందముదో, దానిని లాగినవా డెవడో, ఎర్తు తీగ నిజముగా భూమిని చేరినదో లేదో యెవరును విచారింపరు. ఇటుకపని చెడినచో గోడ బీటవారి ముందుగా హెచ్చరించును. తీగపని చెడినచో మొదటి హెచ్చరికయే మరణము కావచ్చును.

మా న్యాయవాదవృత్తిలో తటస్థించిన యొక వ్యాజ్యమును జెప్పెదము, ఊరుపేరులు చెప్పము. ఒక క్రొత్త భవనమున తెల్లవారుజామున వరండా కడుగుచుండిన పారిశుద్ధ్య కార్మికురాలు మంచినీటి యంత్రమును తాకి ప్రాణము విడిచినది. ఆమె భర్త పక్షమున మేము దావా వేసితిమి. ఇంజనీరు ప్రధాన గుత్తదారును జూపెను. గుత్తదారు, తాను కట్టుబడి మాత్రమే చేసితిననియు విద్యుత్పని మరియొకని కప్పగించితిననియు జెప్పెను. ఆ మరియొకడు మేస్త్రీని జూపెను. మేస్త్రీ యే రాష్ట్రమునకు పనికి పోయెనో యెవరికిని తెలియదు. పరీక్షల పట్టీని తెప్పించి చూచితిమి. అన్ని యంతస్తులకును, అన్ని గదులకును ఒకే అంకె, ఒకే సిరాతో, ఒకే కూర్చున వ్రాయబడియుండెను. ఆ భవనమున ఎవరైన మెగ్గరు పట్టి చూచిరని నమ్ముటకు మాకు ఆధారము దొరకలేదు.

ఇది యొక యూరి దౌర్భాగ్యమని సరిపెట్టుకొందమా? 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో, నవజాతశిశువుల విభాగమున మంటలు లేచి పదిమంది పసికందులు మరణించిరి. 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ వైద్యకళాశాల ఆసుపత్రిలోని శిశువిభాగము అట్లే మంటలపాలై మరల పదిమంది శిశువులు పోయిరి. రెండును ప్రభుత్వ భవనములే. పేదలు నమ్మి వచ్చిన చోట్లే.

చట్టము లేదా యన్న, కలదు. 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము విద్యుత్ ఇన్స్పెక్టరుల నేర్పాటు చేసినది. దాని క్రింద 2010లోను, మరల 2023లోను వెలువడిన భద్రతా నిబంధనల ప్రకారము లైసెన్సుగల విద్యుత్ కంట్రాక్టరే, యోగ్యతాపత్రముగల వాని పర్యవేక్షణలోనే, తీగపని చేయవలయును. 500 వోల్టుల పరీక్షాపీడనమును ఒక నిమిషము పెట్టినప్పుడు తీగకును భూమికిని నడుమ నిరోధము 1 మెగోముకు తక్కువ కాకూడదు. ఈ పరీక్షకు కావలసినది చేతిలో పట్టు చిన్న యంత్రమును, కొంత ఓపికయు, నిజము వ్రాయు చేయియు మాత్రమే.

మరి చెడుగు ఎక్కడ? ధర యొక్కటియే చూచి గుత్త నిచ్చుటలో నున్నది. ఆ గుత్త చేతులు మారుటలో నున్నది. పెద్ద భవనములకు కట్టుబడిని, విద్యుత్పనిని కలిపి యొకే టెండరుగా పిలుచు పద్ధతి వ్యాపించినది. గుత్త పొందినవాడు తన లాభము నుంచుకొని తీగపనిని క్రిందివాని కిచ్చును. వాడు మరియొకని కిచ్చును. తుదకు పని చేయువానికి మిగులు సొమ్ములో మంచి సరకు రాదు. పైకి కనబడు దీపములను అతడు తగ్గింపలేడు. కనబడని తీగనే సన్నగించును, ఎర్తు గోతినే లోతు తగ్గించును. లైసెన్సు పొంది, నాణ్యమైన రాగితీగకు లెక్క కట్టి, న్యాయమైన ధర వ్రాసిన కంట్రాక్టరు ఇంటికి పోవును. మంచివానిని శిక్షించు టెండరు ప్రజాధనమును కాపాడుట యెట్లు?

పరీక్షలకై యాగినచో ప్రారంభము ఆలస్యమగునని కొందరందురు. కానిండు! మంత్రిగారి తీరికకు ముహూర్తము కుదిరెను గనుక తీగల పరీక్ష ముగిసినదనుకొనవలయునా? భవనము ఏబదియేండ్లు నిలువవలయును. వారము దినములు దానికి భారము కాదు.

కావున మే మడుగునవి నాలుగు. తీగపని చేయువాని పేరును, లైసెన్సు సంఖ్యయు పని జరుగుచోటనే పలకపై వ్రాయవలయును. ఒకసారి యిచ్చిన విద్యుత్పని మరల చేతులు మారరాదు. గోడకు పూత వేయుటకు పూర్వమొకసారి, పని ముగిసిన వెనుక నొకసారి, గుత్తదారుతో సంబంధములేని వారు పరీక్షించి ప్రతి గది అంకెను వేరువేరుగా వ్రాసి సంతకము చేయవలయును. ఆ పట్టీని ప్రారంభమునకు ఏడు దినములు ముందుగా భవనద్వారమున అంటింపవలయును.

ఇవి అధికారులు తమంతట చేయుదురని మేము కనిపెట్టుకొని యుండము. పాఠకులారా, 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము మీ చేతిలో నున్నది. మీ యూరి క్రొత్త భవనపు పరీక్షల పట్టీని అర్జీ పెట్టి యడుగుడు. అన్ని గదులకును ఒకే అంకె యున్నచో ఊరకుండకుడు. వరండా కడుగ వచ్చు మనిషి ఆ గోడను నమ్మియే చేయి చాచును. ఆమె తిరిగి యింటికి చేరవలయును.