బ్రతికి ఉన్నారా అని మాత్రమే అడిగితే చాలదు

ప్రతి నవంబరు మాసంలోనూ ప్రభుత్వం తన పెన్షనర్లను ఒకే ఒక ప్రశ్న అడుగుతున్నది: మీరు బ్రతికి ఉన్నారా? ఈ సమాధానం కోసమే 2014లో జీవన్ ప్రమాణ్ పద్ధతి వచ్చింది. 2020 నుండి పోస్టుమాన్ సోదరుడు ఇంటి గుమ్మం వద్దకే వెళ్ళి వేలిముద్ర తీసుకొనే ఏర్పాటు జరిగింది. సంతోషమే. కాని ఆ వృద్ధుడు ఎట్లా బ్రతుకుతున్నాడు, రేపు అతనికి ఏ వైద్యం, ఎవరి చేయూత అవసరమవుతుంది అనే ప్రశ్న ఆ ఫారములో లేదు. మా అభియోగం ఇదే.

టాటానగర్‌నే చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తెలుగు కార్మికులు ఆ మార్గం వెంట ఖరగ్‌పూర్, టాటానగర్‌లకు తరలివెళ్ళారు. 1928లో వి.వి.గిరిగారి నాయకత్వాన సమ్మె జరిగింది ఆ రైల్వేలోనే. నేడు జుగ్‌సలాయి, బాగ్‌బేడా, పర్సుడీ ప్రాంతాలలో రిటైరయిన వృద్ధ దంపతులు మిగిలారు. బిడ్డలు ఉద్యోగాల కోసం దూర నగరాలకు వెళ్ళారు. పక్షవాతంతో మంచం పట్టిన భర్తకు మోకాళ్ళు పట్టేసిన భార్యే నర్సు. టాటానగర్ రైల్వే ఆసుపత్రికి పైన చక్రధర్‌పూర్, దానికి పైన గార్డెన్ రీచ్ ఆసుపత్రులున్నాయి. 1997 నాటి ఆరోగ్య పథకం చికిత్సకు దారి చూపుతుంది. అయితే స్నానం చేయించే చెయ్యి, పుండ్లు పడకుండా ప్రక్కకు తిప్పే చెయ్యి ఆ పథకంలో లేవు. సి.జి.హెచ్.ఎస్. పరిధికి వెలుపలి తపాలా పెన్షనరుకు 2017 జూలై నుండి నెలకు 1000 రూపాయల వైద్య భత్యం నిర్ణయించి ప్రభుత్వం చేతులు దులుపుకున్నది.

రైల్వేలో ప్రతి వాగనుపై తదుపరి పి.ఓ.హెచ్. తేదీ పెయింటుతో వ్రాసి ఉంటుంది. రైలు నడిపే ఉద్యోగికి 45 ఏళ్ళ వరకు నాలుగేళ్ళకొకసారి, 55 వరకు రెండేళ్ళకొకసారి, ఆపై ఏటేటా వైద్యపరీక్ష తప్పనిసరి. సరిగ్గా శరీరం సడలే వయస్సులో, రిటైరయిన మరునాడే, ఆ పరీక్ష ఆగిపోతున్నది! వాగనుకున్న పాటి లెక్క మనిషికి లేదా?

80 ఏళ్ళకు పెన్షను 20 శాతం పెంచుతున్నాము కదా అంటారు. అది పుట్టిన తేదీని చూస్తుంది, మనిషి స్థితిని చూడదు. 68 ఏళ్ళకే మంచం పట్టినవాడు పన్నెండేళ్ళు వేచి ఉండాలా? ఇది కుటుంబ బాధ్యత అని మరికొందరి వాదన. 2007 చట్టం బిడ్డలపై పోషణ బాధ్యత మోపింది, నిజమే. కాని వేయి మైళ్ళ దూరాన డ్యూటీలో ఉన్న కొడుకు తండ్రిని ఎట్లా లేపి కూర్చోబెట్టగలడు? జపాను 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమాను అమలులోకి తెచ్చింది. అక్కడ దరఖాస్తు చేసిన వృద్ధుని ఇంటికే వచ్చి పరిశీలిస్తారు. వైద్యుని అభిప్రాయం తీసుకొని ఏడు అంతస్తులలో అవసరాన్ని నిర్ణయిస్తారు. ఆ అంతస్తును బట్టి సేవలు అందుతాయి. అంచనా అంటే అట్లా ఉండాలి.

మా కోర్కెలు మూడు. మొదటిది: 70 ఏళ్ళు దాటిన ప్రతి పెన్షనరును, జీవిత భాగస్వామిని ఏటా ఇంటివద్దనే పరీక్షించాలి, స్నానం, భోజనం, నడక, మలమూత్ర విసర్జన, జ్ఞాపకశక్తి, వాడే మందులు, చూసుకొనే మనిషి - ఇవన్నీ నమోదు చేసి రాబోయే అవసరాలను వ్రాతపూర్వకంగా తెలపాలి. మంచం పట్టినవారికి వయస్సు నిబంధన ఉండరాదు. రెండవది: అంచనా ఫైలులో నిద్రపోరాదు, ఇంటికి వచ్చే నర్సు, ఫిజియోథెరపీ, సహాయకుని భత్యం, ఆసుపత్రిలో దీర్ఘకాల పడకలు దాని వెంటనే రావాలి. మూడవది: నిర్ణయంపై అప్పీలు హక్కు, కమిటీలో పెన్షనర్ల ప్రతినిధి ఉండాలి, అంచనా సాకుతో ఇప్పుడున్న ఏ సౌకర్యానికీ కోత పెట్టరాదు.

సోదర ఉద్యోగులారా! ప్రభుత్వం కదిలేవరకు చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. టాటానగర్ రైల్వే, తపాలా శాఖలు రెండూ కలిసి తమ పరిధిలో మంచం పట్టిన పెన్షనర్ల జాబితాను రానున్న నవంబరులోగా తయారు చేయాలి. తక్కిన శాఖలు అదే బాట పట్టాలి. ఆ జాబితాలతోనే మనము అధికారుల తలుపు తట్టాలి. నేడు వారి కోసం అడుగుతున్నది రేపు మన కోసమే.