పద్మినికి స్కానర్ అక్కర్లేదు, ఒక బల్బు చాలు

మన రివ్యూల్లో ప్రాసెసర్, కెమెరా, ఛార్జింగ్ స్పీడ్, అన్నిటికీ మార్కులుంటాయి. ఒక్క ప్రశ్నకి మాత్రం ఉండవు: ఇది పాడైతే మనం విప్పి బాగుచేసుకోగలమా? నా దృష్టిలో అదే అన్నిటికన్నా పెద్ద ఫీచర్. ఎందుకో చెప్పడానికి ఈసారి ఫోన్ కాకుండా ఒక పాత కారుని టేబుల్ మీద పెడుతున్నా.

క్లాసిక్ స్పోర్ట్స్ కారు అనగానే యూట్యూబ్‌లో ఎంజీలు, ట్రయంఫ్‌లు కనిపిస్తాయి. మన దగ్గర అంత సీన్ లేదు. మనకి అందుబాటులో ఉన్న క్లాసిక్ అంటే ఫియట్ 1100, దాని తర్వాతి పేరు ప్రీమియర్ పద్మిని. తక్కువ అంచనా వేయకండి, చెన్నై దగ్గర షోలవరం రన్‌వే మీద కార్ రేసులు జరిగిన రోజుల్లో ట్యూన్ చేసిన ఫియట్లు కూడా పోటీపడ్డాయి. పైగా దీనికి వైజాగ్‌తో చుట్టరికం ఉంది. 1941లో ఇక్కడ షిప్‌యార్డ్ మొదలుపెట్టింది వాల్‌చంద్ హీరాచంద్. మన సింధియాకి ఆ పేరు తెచ్చిన సింధియా స్టీమ్ నావిగేషన్ ఆయన కంపెనీయే. 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టిందీ ఆయనే.

పద్మినిలో 1089 సీసీ ఇంజిన్, ఒక కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు. కంప్యూటర్ లేదు, కాబట్టి బ్లూటూత్ స్కానర్ గుచ్చడానికి పోర్టూ లేదు. మరి ఏం వాడాలి? ఇంట్లో చేసుకునేవే.

టెస్ట్ ల్యాంప్: 12 వోల్టుల చిన్న బల్బు, హోల్డర్, రెండు వైర్లు, రెండు క్లిప్పులు. వంద రూపాయల లోపే అయిపోతుంది. ఒక క్లిప్పు డిస్ట్రిబ్యూటర్‌కి కాయిల్ వైరొచ్చే చోట, రెండోది బాడీకి. ఇగ్నిషన్ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, ఇంజిన్‌ని పానాతో మెల్లిగా తిప్పండి. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో బల్బు వెలుగుతుంది. స్పార్క్ వచ్చేదీ ఆ క్షణంలోనే. పుల్లీ మీద గుర్తు సరైన చోటుకొచ్చినప్పుడు బల్బు వెలిగితే టైమింగ్ కుదిరినట్టే. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, ఇది కారుకి ప్రింట్ స్టేట్‌మెంట్.

క్లచ్ కర్ర: గేర్‌బాక్స్ దింపి మళ్లీ ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో ఉండాలి, లేకపోతే షాఫ్ట్ దూరదు. దీనికి చీపురు కర్ర ముక్క చెక్కి, బిగుతుగా కూర్చునేదాకా టేపు చుడితే చాలు. స్టీల్‌దే కావాలంటే గాజువాక ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకైనా కొలతలు ఇస్తే తిప్పి ఇస్తారు. స్టీల్ సిటీలో ఉన్న అసలు లాభం ఇదే.

లగేజ్ స్కేల్: ఎయిర్‌పోర్టుకి వెళ్లేముందు సూట్‌కేస్ తూచే డిజిటల్ కాటా. బోల్టు మధ్య నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పానాకి తగిలించి, పానాకి లంబంగా, కాటా 10 కిలోలు చూపించేదాకా లాగితే టార్క్ దాదాపు 29 న్యూటన్ మీటర్లు. ఇంటర్‌లో చదివిన ఫిజిక్సే. చిన్న బోల్టులకి ఓకే. సిలిండర్ హెడ్‌కి మాత్రం అసలైన టార్క్ రెంచే వాడండి.

తుప్పు తొట్టి: సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము ఎలా తింటుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, వాషింగ్ సోడా కలపండి. తుప్పు పట్టిన పార్టుకి బ్యాటరీ ఛార్జర్ నెగెటివ్, పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివ్ కలిపి, రెండూ తగలకుండా ముంచండి. కొన్ని గంటల్లో తుప్పు వదులవుతుంది, బ్రష్‌తో రుద్దితే పోతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే, నిప్పుకి దూరంగా చేయాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్క అస్సలు వాడొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది.

జుగాడ్‌కీ ఒక గీత ఉంది. కారు కిందికి దూరేటప్పుడు ఇటుకలు, చెక్కముక్కలు నమ్మొద్దు. జాక్ స్టాండ్లు కొనాల్సిందే. టూల్ ఫెయిలైతే పోయేది బోల్టా, ప్రాణమా అన్నదే లెక్క.

ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్ చూడండి. ఐఫోన్ అడుగున ఉండే అయిదు రేకుల స్క్రూకి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. చాలా ఫోన్ల బ్యాటరీలు జిగురుతో అతికించి ఉంటాయి. కొన్ని మోడల్స్‌లో ఒరిజినల్ పార్టు వేసినా, సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టకపోతే హెచ్చరిక చూపిస్తుంది. ఆ ఆఖరిది నాకు ఎక్కువ బాధ, ఎందుకంటే ఆ చెక్ రాసేది మనలాంటి ఇంజనీర్లే.

పద్మినే గొప్పదని నేను అనట్లేదు. ఎయిర్‌బ్యాగుల్లేవు, ఏబీఎస్ లేదు, పొగ ఎక్కువ. ఫోన్ నీళ్లలో పడినా బతకడానికి ఆ జిగురూ ఒక కారణమే, ఒప్పుకుంటా. కానీ నీళ్లు ఆపడం వేరు, ఓనర్‌ని ఆపడం వేరు. మొదటిదానికి ఇంజనీరింగ్ కారణం ఉంది, రెండోదానికి లేదు.

ప్రభుత్వాలకీ ఇది అర్థమవుతోంది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద రిపేర్ స్కోర్ వేయడం తప్పనిసరి చేశారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. పోర్టల్ ఉంటే చాలదు, కొనేవాళ్లు అడగాలి. కాబట్టి తర్వాతి ఫోన్ కొనేముందు మూడు విషయాలు చూడండి: బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, స్పేర్ పార్టులు బయట అమ్ముతారా, మామూలు స్క్రూడ్రైవర్‌తో తెరుచుకుంటుందా. రివ్యూలో వీటికి జవాబు లేకపోతే కామెంట్లో అడిగేయండి. బెంచ్‌మార్క్ స్కోర్ వచ్చే ఏడాదికి పాతబడుతుంది, బ్యాటరీ మార్చాల్సిన రోజు మాత్రం ఎలాగూ వస్తుంది.